సైరన్‌కీ గేటుకీ మధ్య

ఈ కథలో ఒక్క ముక్క అబద్ధమున్నా నా మీసం గొరిగేయండి.

ఆ ఉదయం రాజమండ్రిలో తనకిచ్చిన మారువేషం చూడగానే ఏజెంట్ దుర్గాసాయి రెండడుగులు వెనక్కి వేశాడు. వానకు తడిసిన ఎండుచేపల బుట్ట.

"ఇంతకంటే మంచిది దొరకలేదాండీ?"

"ఈ వాసనకి నిన్నెవడూ సోదా చెయ్యడు," అన్నాడు చీఫ్ శాంతికుమార్, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని. "ధవళేశ్వరం దిగువన ఒక లాకు. గేటు నడిపే చిప్‌ని గ్రెగర్ ముఠా ఏదో చేసింది. కింద వల వేసేవాళ్ళు కొట్టుకుపోతుంటే వీడియో తీసి, అది చూపించి ఈ విద్యని విదేశాలకి అమ్ముతారట. మనుషులు వాళ్ళకి శాంపిలు."

చేపల కంపు కంటే ఆ మాటే దుర్గాసాయికి ఎక్కువ రోత పుట్టించింది. ఆ లాకు కింద రోజూ వల వేసేది అతని మేనత్త మరిడమ్మ.

వెళ్ళేసరికి వరద పోటెత్తుతోంది. గట్టు మీంచి కేకేశాడు. "పైకి వచ్చెయ్యండమ్మా, గేటు లేస్తుంది."

"సైరన్ మోగనీ బాబూ. మోగాక సగం చుట్ట కాలేంత టైముంటుంది," అంది మరిడమ్మ, మేనల్లుణ్ణి పోల్చుకోకుండానే. "చేప పడే వేళకి లేచిపొమ్మంటావేంటి? ముందా బుట్ట అవతల పెట్టు. గోదారి కంపెత్తిపోతోంది."

కంట్రోల్ రూమ్‌లో పట్టుచీర, నల్ల కళ్ళద్దాల ఇంజనీరమ్మ హారతి. ముఠా దగ్గర జీతం, మనవాళ్ళకి సమాచారం.

"పులస ఉందా?" అంది.

"పులసని చెప్పి సముద్రపు ఇలస అమ్మనండి."

కోడ్ కలిసింది. గుమ్మంలో ముఠా కాపలావాడు చూస్తుండగా ఆమె బేరమాడుతున్నట్టు బుట్టలో చెయ్యి పెట్టి తీసింది. కంపుకి తాళలేక వాడు బయటికి పోయాడు. ఈలోగా దుర్గాసాయి వాచీలోని స్కానర్‌తో ప్రోగ్రామంతా చదివేశాడు. నీటిమట్టం గుర్తు దాటితే సైరన్ మోగించు. తరువాత ఖాళీ లూప్, అంటే ఏ పనీ చెయ్యకుండా పెద్ద అంకె నుంచి సున్నా దాకా లెక్కపెట్టు. అప్పుడు గేటు ఎత్తు.

"ఒక్క అక్షరం మారలేదు కదండీ."

"లెక్క మారలేదు. లెక్కపెట్టే వేగం మారింది," అంది గుసగుసగా. "చిప్‌కి దరువు వేసే క్రిస్టల్ తీయించి, ఎన్నో రెట్లు జోరుగా కొట్టేది నాచేతే పెట్టించారు. ఇప్పుడా లూప్ రెప్పపాటులో అయిపోతుంది. పాత క్రిస్టల్ ఒక చేప నోట్లో పెట్టాను."

"ఏ చేపండీ?"

"వాసనకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయండి. చూడలేదు."

"మెయిన్ ఆపేస్తే?"

"గేటు లేవదు. గట్టు తెగి ఊళ్ళు మునుగుతాయి."

దుర్గాసాయి మోచేతి దాకా బుట్టలో దించాడు. ఒక్కొక్క నోట్లో వేలు పెడుతుంటే మెత్తగా, జిగటగా ఏదేదో తగిలింది. పొద్దున తిన్న పెసరట్టు గొంతులోకి వచ్చింది. చివరికి గింజంత లోహం ముక్క దొరికింది. చొక్కాకి తుడిచి, కొత్తది పీకి పాతది గుచ్చి రీసెట్ నొక్కాడు. వేలు తీశాడో లేదో, సైరన్ మోగింది.

గేటు కదలలేదు. చిప్ తాపీగా లెక్కపెట్టుకుంటోంది. కింద మరిడమ్మ అంతే తాపీగా వల లాగి, గట్టెక్కి, కుప్పగా పడేసింది.

గట్టు మీద కెమెరా పట్టుకుని కాచుకున్న గ్రెగర్‌కి సంగతి అర్థమైంది. పరుగు లంకించుకున్నాడు. కాలు వలలో పడింది. గింజుకున్నకొద్దీ చుట్టుకుంది. అప్పుడు లేచింది గేటు, నీళ్ళు హోరుమన్నాయి.

మరిడమ్మ వలలోకి తొంగిచూసి మొహం చిట్లించి, బుట్టతో పరిగెత్తుకొచ్చిన దుర్గాసాయి వైపు తిరిగింది. "బాబూ, దీన్ని నీ బుట్టలో వేసుకుపో. నా చేపలకి కంపు అంటుకుంటుంది."

కత్తులు లోపల పెట్టండి. ఇందులో నేను కల్పించింది ఒక్కటే, ఆ మీసం.