వాలు అక్షరాల ఆహ్వానం

"సాయంత్రం నాలుగు లోపు కంపోజిటర్ ఏసన్నను అరెస్టు చెయ్యి. ఇది ఆర్డర్!" అన్నాడు చీఫ్.

1954. కర్నూలు కొత్త రాజధాని. ఆఫీసులు డేరాల్లో నడుస్తున్నాయి. అలాంటి ఒక డేరాలో చీఫ్, ఏజెంట్ నారాయణ ముందు ఒక ఇన్విటేషన్ కార్డు పడేశాడు. వాలుగా, మెలికలు తిరిగిన తోకలతో ఇంగ్లీషు స్క్రిప్ట్ అక్షరాలు.

"ఐదింటికి టీ పార్టీ. డ్యామ్ ఇంజనీర్లు అరవైమంది. దొంగ కార్డుతో విదేశీ ముఠా మనిషి బాంబు తెస్తాడు. ఈ టైపు ఊళ్లో ఒక్క ప్రెస్సులోనే ఉంది, అసలు కార్డులూ అక్కడే అచ్చయ్యాయి. ఒక సెట్టు ముఠాకు అమ్మింది ఏసన్నే."

"సాక్ష్యం?"

"షీలా రిపోర్ట్."

షీలా ముఠాలో మన గూఢచారి. ఆ చిరునవ్వుకు నారాయణ కూడా ఒకటి రెండుసార్లు తడబడ్డవాడే.

పెళ్లికూతురి తండ్రి వేషంలో ప్రెస్సుకెళ్లాడు. సీసపు అక్షరాలు పేరుస్తున్న ఏసన్న తలెత్తలేదు.

"పోలీసోడివి కదప్పా? పెండ్లి కార్డుకొచ్చినోడు ముందు బిడ్డ పేరు చెప్తాడు."

నారాయణ తలపాగా తీసేసి, టీ పార్టీ సంగతి, దొంగ కార్డు సంగతి చెప్పాడు.

"టైపు దొంగలెత్తుకపోయినారని నేనే స్టేషన్లో మొత్తుకున్నా. రాసుకోల్యా. ఇప్పుడు నన్నే పట్టుకుంటారా? రాను! ఆ పార్టీ గేటుకాడ నన్ను నిలబెట్టు. దొంగ కార్డు నా చెయ్యి దాటితే అప్పుడెయ్యి బేడీలు."

ముసలాయన కళ్లలో భయం లేదు. నారాయణ ఆర్డరును పక్కన పెట్టాడు. తప్పితే పోయేది తన ఉద్యోగం ఒక్కటే కాదని తెలిసీ పెట్టాడు.

ఐదుకు పది నిమిషాలు. పార్టీ గేటు దగ్గర ఏసన్న కార్డులు చదవడం లేదు. తిరగేసి, వెనక బొటనవేలితో తడిమి పంపుతున్నాడు. నల్ల కారులోంచి సిల్కు చీరలో షీలా దిగింది.

"తుంగభద్ర నిండింది," అంది మెల్లగా. కోడ్ వర్డ్ కరెక్ట్. నారాయణ సెల్యూట్ కొట్టాడు.

ఆమె కార్డు వెనక ఏసన్న వేలు ఆగింది. "ఇది నాది కాదు."

"నాన్సెన్స్! నారాయణా, ఈ ముసలాయన్ను తప్పించు."

"ఎనక తడిమి సూడప్పా, గుచ్చుకుంటాండాది. ఈ అక్షరాల తోకలు శానా సన్నం. గట్టిగా ఒత్తితే ఇరుగుతాయి. కొత్తవి మద్రాసు నుంచి రావాలంటే రెండు నెలలు. అందుకే నేను మెల్లగా ఒత్తుతా. ఎత్తుకపోయినోళ్లకేం, బాదినారు!"

నారాయణ వేలికి గరుకు తగిలింది.

షీలా చెయ్యి హ్యాండ్‌బ్యాగులోకి దూరింది. నారాయణ ఆమె మణికట్టు పట్టి మెలిపెట్టాడు. బ్యాగులో పౌడర్ డబ్బా. టిక్, టిక్, టిక్. పరుగున వెళ్లి పక్కనున్న కాలువలోకి విసిరాడు. మరుక్షణం నీళ్లు తాటిచెట్టంత ఎత్తు లేచాయి.

షీలాకు బేడీలు పడ్డాయి. అంతలో చీఫ్ రొప్పుతూ వచ్చి, గేటు తోసుకొని లోపలికి పోబోయాడు. ఏసన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"కార్డు?"

చీఫ్ ఎర్రబడి, జేబులు వెతికి కార్డు తీశాడు. ఏసన్న దాన్ని తిరగేసి, వెనక వరసలో నిలబడ్డవాళ్లంతా చూస్తుండగా, తీరిగ్గా, రెండుసార్లు తడిమాడు.

"నువ్వు మంచోడివేలే. పోప్పా లోపలికి."