మందు వేయని ప్లేటు

తలుపు తోసుకుని వచ్చిన అమ్మాయి నమస్కారం లేదు, పలకరింపు లేదు, నేరుగా యుద్ధానికి దిగింది.

"నా కంట్రోల్ ప్లేట్లలో మందు ఎవరు వేశారు?"

కణాలు పెంచే కల్చర్ రూమ్‌కి కొత్తగా వచ్చిన ఇన్‌చార్జ్ ఇంక్యుబేటర్ అద్దం తుడుస్తున్నాడు. వెనక్కి తిరిగి చూశాడు. గదిలో ఉన్నది ఇద్దరే. కాబట్టి ఆ ఎవరో తానేనని అతనికి అర్థమైంది.

"నేను వేయలేదండీ."

"మీరు ఈ ల్యాబ్‌కి వచ్చి పదహారు రోజులైంది. నా ప్లేట్లు పాడవడం మొదలై పద్నాలుగు రోజులైంది. లెక్క మీరే చూసుకోండి."

"చూశానండీ. మొదటి రెండు రోజులూ నేను మంచివాణ్ణే అన్నమాట."

ఆమెకి ఒళ్లు మండిపోయింది. తప్పు చేసినవాడు కాస్త తడబడాలి కదా, జోకులేస్తాడేమిటి?

"మందు సీసా ఉన్న పెట్టె మీ గదిలోనే ఉంది," అంది.

"ఉందండీ. దాని తాళంచెవి మీ మెడలో ఉంది."

ఆమె చెయ్యి దానంతటదే మెడ దగ్గరికి వెళ్లింది. తాళంచెవి అక్కడే ఉంది. అయినా వెనక్కి తగ్గితే ఆమె ఆమె ఎందుకవుతుంది? గోడకి వేలాడుతున్న రిజిస్టర్ అందుకుని, ఎర్ర సిరాతో "కంట్రోల్ ప్లేట్లలో ఎవరో మందు కలిపారు. ఇన్‌చార్జ్ బాధ్యత వహించాలి" అని రాసి, సంతకం గీకి, విసురుగా వెళ్లిపోయింది.

ఇక్కడ కథ ఒక్క నిమిషం ఆపాలి. లేకపోతే ఆ అమ్మాయి కోపం ఊరికే ముక్కు మీద ఉండే కోపమనుకుంటారు.

మన ఒంట్లో కంటి కణంలోనూ, కాలేయం కణంలోనూ ఉండే జన్యువులు ఒకటే. ఏ కణంలో ఏ జన్యువు తెరుచుకుంటుంది, ఏది మూసుకుని కూర్చుంటుంది అన్నదాంట్లోనే తేడా అంతా. ఆ తెరవడం, మూయడం మన చేతిలోకి తెచ్చుకోవాలని ఆమె మూడేళ్లు కష్టపడి కణాల్లో ఒక స్విచ్ పెట్టింది. జన్యువు పక్కన ఒక ప్రోటీను కాచుకుని ఉంటుంది. ఒక రకం యాంటీబయాటిక్ రవ్వంత తగిలితే చాలు, అది వెళ్లి డీఎన్‌ఏని పట్టుకుని జన్యువుని తెరుస్తుంది. అప్పుడు కణం మైక్రోస్కోపు కింద ఆకుపచ్చగా వెలుగుతుంది. మందు లేకపోతే చీకటిగా ఉండాలి. అందుకే ప్రతిసారీ మందు వేయని ప్లేటు ఒకటి పక్కన పెడతారు. కంట్రోల్ అంటే అదే. ఇప్పుడు అది కూడా వెలుగుతోంది. ఎప్పుడూ వెలిగే దీపానికి స్విచ్ ఉందంటే ఎవరు నమ్ముతారు?

ల్యాబ్‌లో అందరూ ఆమెని స్విచ్ అనే పిలుస్తారు. సగం ఆ పని వల్ల, సగం ఆ కోపం వల్ల.

మర్నాడు గైడ్ మేడమ్ పిలిచి కూర్చోబెట్టింది.

"అమ్మాయ్, నీ స్విచ్ లీకవుతోంది. కారే కుళాయి కింద ఎన్నాళ్లని గిన్నె పెడతావు?"

"పదిహేను రోజుల క్రితం వరకూ బాగానే ఉంది మేడమ్."

"పీహెచ్‌డీ కమిటీకి కావాల్సింది ఇవాళ్టి సంగతి. ఎనిమిది రోజుల్లో వాళ్ల ముందు నిలబడాలి నువ్వు. చీకటిగా ఉన్న కంట్రోల్ చూపిస్తే సరే. లేదంటే దీన్ని వదిలేసి కొత్త టాపిక్ మొదలుపెట్టు."

మూడేళ్లు. సెలవులు లేవు, పెళ్లిళ్లకి వెళ్లింది లేదు, అక్కకి పాప పుడితే ఫొటోలో చూసింది. అదంతా మళ్లీ మొదటి నుంచి.

బయట వాన పడుతోంది. మెట్ల దగ్గర కిటికీ ముందు నిలబడి ఆమె కళ్లు తుడుచుకుంటుంటే వెనకనుంచి ఎవరో కాఫీ కప్పు చాపారు. ఇన్‌చార్జ్.

"ఇందులో ఏం కలిపారు?" అంది ఆమె.

"చక్కెర. కావాలంటే రిజిస్టర్‌లో రాయండి."

నవ్వు రాకూడదని పళ్లు బిగబట్టింది గానీ, సగం నవ్వు తప్పించుకుని బయటికొచ్చేసింది. అతను అది చూసీ చూడనట్టు వాన వైపు తిరిగాడు.

"ఒక మాట అడగనా? ఆ రోజుల్లో నేను కాక ఇంకేం మారింది?"

"ఏమీ మారలేదు. అవే కణాలు, అదే మందు, నేనే."

"సీరం మారిందండీ. నేను చేరిన రెండో రోజు పాతది అయిపోతే వేరే విడతలో వచ్చిన కొత్త లాట్ సీసాలు తెరిచాను. పొద్దున్న మీ రిజిస్టర్ తేదీలూ నా తేదీలూ పక్కన పెట్టి చూశాను."

సీరం అంటే దూడల రక్తం నుంచి తీసే ద్రవం. ప్లేట్లలో కణాలకి తిండి అదే.

"అందులో సూక్ష్మజీవులు లేవని సర్టిఫికెట్ ఉంటుంది కదా," అంది ఆమె.

"సూక్ష్మజీవులు లేవనే ఉంటుంది. మందులు లేవని ఉండదు. ఒక్క నిమిషం, మా నాన్నని అడుగుతాను. ఆయన పశువుల డాక్టరు."

ఫోన్ స్పీకర్‌లో పెట్టాడు. అవతల గొంతు స్పీకర్ అక్కర్లేనంత పెద్దది.

"నాన్నా, దూడలకి దగ్గొస్తే ఏం మందు వేస్తారు?"

"ఎందుకురా, నీకు దగ్గొచ్చిందా?"

"నాకు కాదు నాన్నా, దూడలకి."

"టెట్రాసైక్లిన్ వేస్తాం. కొన్ని ఫారాల్లో దాణాలోనే కలిపేస్తారు. అయినా ల్యాబ్‌లో నీకు దూడలేమిట్రా?"

ఆమె చేతిలో కప్పు ఒలికింది. ఆమె స్విచ్‌ని తెరిచే మందుదీ అదే కుటుంబం.

"అది రక్తంలో మిగిలిపోతుందా అండీ?" అంది ఫోన్ దగ్గరికి వంగి.

"రవ్వంత మిగలొచ్చమ్మా. దానివల్ల ఎవరికీ ఏమీ కాదు."

"నా స్విచ్‌కి రవ్వంత చాలండీ."



"ఒరేయ్, మాట్లాడుతున్నది నీ మీద ఎర్ర సిరాతో రాసిన అమ్మాయేనా?"

ఆమె నాలుక కరుచుకుంది. అతను ఫోన్ మూసేయబోతే ఆమే లాక్కుంది. తన పనేమిటో, ఏం జరిగిందో అంతా ఆయనకి విడమరిచి చెప్పింది.

"అర్థమైంది తల్లీ," అన్నాడాయన. "మా ఇంట్లో అన్ని గదులకీ కరెంటుంది. మా ఆవిడ మాత్రం ఒక్క గదిలోనే లైటు వేయనిస్తుంది. ప్రతి కణంలోనూ అలాంటి ఆవిడ ఒకరుంటారన్నమాట."

ఎనిమిది రోజుల గడువున్న మనిషి అంత గట్టిగా నవ్వకూడదు. కానీ నవ్వింది.

తర్వాత ఆమె చేసిన మొదటి పని రిజిస్టర్ తెరవడం. ఎర్ర సిరా కింద నీలం సిరాతో రాసింది: "ఇన్‌చార్జ్ తప్పేమీ లేదు. తొందరపడింది నేను. క్షమించాలి."

అతను భుజం మీదుగా చదివాడు. "తేదీ వేయలేదండీ."

"మీకు పొగరు కాస్త ఎక్కువే."

"అది రిజిస్టర్‌లో ఎక్కించకండి."

తేదీ వేసి పెన్ను మూసింది. "సరే, అనుమానం వచ్చింది. రుజువెలా? పాత సీరం అయిపోయిందన్నారుగా. కొత్తగా తెప్పించాలంటే నెల."

అతను ఫ్రీజర్ తెరిచి, కింది అరలోంచి వేలెడంత గొట్టం తీశాడు. దాని మీద పాత లాట్ నంబరు రాసి ఉంది.

"ఏదైనా కొత్తది తెరిచే ముందు పాతది కొంచెం దాస్తాను. అలవాటు. ఆరు ప్లేట్లకి సరిపోతుంది."

"మనుషుల్ని కూడా ఇలాగే దాచుకుంటారా?"

"ఆ అవకాశం ఇంకా రాలేదండీ."

చెప్పినవాడు చల్లగానే చెప్పాడు. ఫ్రీజర్ తలుపు తెరిచి ఉన్నా ఆమె చెవులు మాత్రం వెచ్చబడ్డాయి.

ఇద్దరూ కలిసి పని మొదలుపెట్టారు. ఎప్పుడో గడ్డకట్టించి దాచిన కణాలని కరిగించి, సగం పాత సీరంలో, సగం కొత్త సీరంలో పెంచారు. రెండిట్లోనూ కొన్ని ప్లేట్లకి మందు వేశారు, కొన్నిటికి వేయలేదు. ఆ తర్వాత చేయాల్సింది ఎదురుచూడటం. అది ఆమెకి చేతకాని పని.

గంటకోసారి ఏదో వంకతో కల్చర్ రూమ్‌కి వచ్చేది. గ్లవ్స్ కావాలనేది. మార్కర్ మరిచిపోయాననేది. నాలుగో రోజుకి వంకలు అయిపోయాయి, ఊరికే వచ్చి స్టూలు మీద కూర్చుంది. అతను దుమ్ము తగలని హుడ్ పెట్టె అద్దం ముందు కూర్చుని పని చేసుకుంటూ తలెత్తితే ఆమె ప్లేట్ల వైపు చూసేది. అతను తల దించితే అతని వైపు చూసేది. హుడ్ అద్దంలో వెనక ఉన్నవాళ్ల ప్రతిబింబం కనబడుతుందని ఆమెకి తెలుసు. తెలిసీ చూసింది.

"ఇన్‌చార్జ్‌గారూ, ఇది తేలకపోతే ఏం చేస్తాను నేను?"

అతను గ్లవ్స్ తీసేసి వచ్చి ఎదురుగా నిలబడ్డాడు.

"తేలుతుందని చెప్పలేను. మీ పని మాత్రం ఇరవై రోజులుగా చూస్తున్నాను. ప్లేటు పక్కన పెట్టేటప్పుడు కూడా చప్పుడు కానివ్వరు మీరు. ఇంత జాగ్రత్తగా కట్టింది కారదని నా నమ్మకం."

మూడేళ్లలో ఆమెతో ఎవరూ అలా అనలేదు. ఆమె లేచి బయటికి వెళ్లిపోయింది.

ఏడో రోజు పొద్దున పది గంటలకి ఇద్దరూ మైక్రోస్కోపు గదిలోకి వెళ్లారు. నల్ల తెర దించితే పగలు కూడా చీకటే. పక్కపక్కన రెండు స్టూళ్లు, మధ్యలో జానెడు దూరం.

ముందు పాత సీరంలో మందు వేసిన ప్లేటు. ఆకుపచ్చగా వెలిగిపోతోంది. తర్వాత కొత్త సీరంలో మందు వేయని ప్లేటు. అదీ వెలుగుతోంది, కాస్త తక్కువగా. ఇక మిగిలింది పాత సీరంలో మందు వేయనిది. ఆమె దాన్ని పెట్టి, కన్ను ఆనించింది.

"కనబడుతోందా?" అన్నాడతను.

"ఏమీ కనబడట్లేదు."

"కణాలు అసలు బతికే ఉన్నాయా?"

చచ్చిన కణాలూ చీకటిగానే ఉంటాయి. ఆమె మామూలు వెలుతురు వేసి చూసింది. ప్లేటు నిండా కణాలు. ఒత్తుగా, గుండ్రంగా, కొన్ని అప్పుడే రెండుగా విడిపోతూ. అన్నీ బతికే ఉన్నాయి. మళ్లీ ఆకుపచ్చని పైకి తెచ్చే నీలం కాంతి వేసింది. చీకటి. రెండో ప్లేటు, మూడో ప్లేటు. చీకటి.

"జరగండి, నన్ను చూడనివ్వండి," అన్నాడతను.

ఆమె జరగలేదు. కన్నీళ్లు బల్ల మీద పడుతున్నాయి. అతను కంగారుపడి భుజం మీద చెయ్యి వేశాడు. ఆమె ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది.

"ఇది కారట్లేదు. ఎప్పుడూ కారలేదు," అంది.

మర్నాటి కమిటీలో ఐదుగురు. అందులో నలుగురు మంచివాళ్లు. ఐదోవాడు రిటైరైన ముసలి ప్రొఫెసరు, ఆయన కళ్లద్దాలు సర్దుకుంటే విద్యార్థులకి చెమట్లు పట్టేవి. ఆయన ప్లేట్ల ఫొటోలన్నీ రెండుసార్లు చూసి కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"అంటే ఎక్కడో ఒక దూడ దగ్గితే, నీ స్విచ్‌కి తెలిసిందంటావు."

"తెలిసిందండీ."

"మామూలు పరీక్షలకి దొరకనంత మందుని ఇది పట్టుకుందా?"

"పట్టుకుందండీ. పదిహేను రోజులు నేను దాన్ని లోపమనుకున్నాను. అది చెప్పేది నిజమేనని ఇప్పుడు తెలిసింది."

ముసలాయన కాగితం మూసి, మొదటిసారి నవ్వాడు. "ఇంత సున్నితమైన స్విచ్ నేను చూడలేదు. ఇక కొత్త ప్రయోగాలు అక్కర్లేదు. కూర్చుని థీసిస్ రాసుకో. ఈ సీరం సంగతి పట్టుకుంది నువ్వేనా?"

"కాదండీ. నేను ఆయన్ని దొంగ అన్నాను. ఆయన నన్ను నిలబెట్టారు." చివరి వరసలో కూర్చున్న ఇన్‌చార్జ్ వైపు చూపించింది. గదిలో అందరూ తలలు తిప్పారు. అతను పారిపోదామనుకున్నాడు గానీ తలుపు దగ్గర గైడ్ మేడమ్ చప్పట్లు కొడుతూ నిలబడింది.

బయట వరండాలో అతను తండ్రికి ఫోన్ చేసి విషయం చెబుతుండగా ఆమె పరుగున వచ్చింది. మెట్ల మీద వాన చినుకులు, ఆమె మొహం మీద ఇంత వెలుగు.

"మీతో ఒక మాట చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. నాలుగు రోజులుగా ధైర్యం చాలట్లేదు. ఐదుగురి ముందు నిలబడి వచ్చాను కాబట్టి ఇవాళ భయం లేదు."

"చెప్పండి."

"మీరంటే నాకు ఇష్టం. మిమ్మల్ని పెళ్లి చేసుకోవాలనుంది. ఆలోచించుకుని చెప్పండి, తొందరేం లేదు. అంటే, తొందరుంది గానీ ఆగుతాను."

ఇన్నాళ్లూ మాటకి మాట వేసినవాడికి ఒక్క మాటా దొరకలేదు. చివరికి ఫోన్‌లోంచి వినబడింది.

"ఒరేయ్, అమ్మాయి అడుగుతోంది కదరా, సరే అను."

"నాన్నా, మీరింకా ఉన్నారా?"

"నువ్వు పెట్టేయలేదు, నేను పెట్టేయలేదు. తల్లీ, వాడికి ఇష్టమే. పదిహేను రోజులుగా ఇంట్లో నీ కబుర్లు తప్ప ఇంకేం లేవు. మీ అత్తయ్య కూడా ఇక్కడే వింటోంది."

"సరే," అన్నాడతను ఆమెని చూస్తూ. "వెయ్యిసార్లు సరే."

"నీ చదువు పూర్తయినట్టేనా తల్లీ?" అంది ఫోన్‌లో ఒక ఆడగొంతు.

"రాయడమే మిగిలిందండీ," అంది ఆమె.

"అయితే ముందు అది రాయి. వీణ్ణి మేము పట్టి ఉంచుతాం. డిగ్రీ పట్టుకుని రా, పెళ్లి చేస్తాం."

ఆమె మెట్ల మీదికి, వానలోకి వచ్చి చెయ్యి పైకెత్తి గెలిచినవాళ్లలా కేక పెట్టింది. అతను ఆ చెయ్యి అందుకున్నాడు. ఇద్దరూ తడుస్తూనే మెట్లు దిగారు.