ఏడో ఇంటికి నిద్ర పట్టదు

అమెరికాలోని డులూత్ ఊళ్లో టామరాక్ లేన్ అనే వీధి చివర ఏడో నంబరు ఇల్లుంది. చీకటి పడ్డాక ఆ ఇంటి ముందు ఎవరూ కుక్కని కూడా తిప్పరు. ఇంటాయన ఎల్మర్ పోయి మూడేళ్లయింది. వెనకా ముందూ ఎవరూ లేరు. చలికి నీళ్ల గొట్టాలు పగలకుండా బ్యాంకువాళ్లు కరెంటూ హీటరూ ఉంచి, తాళం వేసుకుపోయారు. గుమ్మం ముందు మోకాలి లోతు మంచు... దాని మీద ఒక్క అడుగు జాడ ఉండదు.

అయినా రాత్రి తొమ్మిదిన్నరయ్యేసరికి లోపల దీపాలు ఆరిపోతాయి. కిటికీ తెరలు వాటంతటవే దిగుతాయి — ఎవరో పడుకోబోతున్నట్టు.

పడుకుంటే బాగుండును. పది నిమిషాలకి మళ్లీ వెలుగుతాయి. మళ్లీ ఆరతాయి...

ఎదురింటి మార్లిస్‌కి అరవై ఎనిమిదేళ్లు. ముప్పై ఏళ్లు స్కూలు బస్సు నడిపింది, మంచు తుఫానులో కూడా పిల్లల్ని ఇళ్లకి చేర్చింది. అలాంటి మనిషి ఒక్క సంగతి మాత్రం ఎవరికీ చెప్పుకోలేకపోయింది. తను పడుకోబోతే ఆ ఇంట్లో దీపం మారుతుంది. రాత్రి రెండింటికి తను బాత్రూముకి లేస్తే — అదీ లేస్తుంది. తను తిరిగొస్తే — అదీ పడుకుంటుంది.

అది తననే కనిపెట్టుకుని ఉంది.

చెబితే మతి పోయిందంటారు. అందుకే నోరు మూసుకుని ఇల్లు అమ్మకానికి పెట్టింది. తన చేత్తో రంగులేసుకున్న ఇల్లు, కన్ను మూసేదాకా ఉందామనుకున్న ఇల్లు. తెల్లారితే పొద్దున పదింటికి అమ్మకం సంతకం.

ఆ రాత్రి వీడ్కోలు చెప్పడానికి పక్క వీధి డ్వేన్ వచ్చాడు. టామరాక్ లేన్‌లో ఉన్న ఏడిళ్లకీ స్మార్ట్ హోమ్ సామాను బిగించింది అతనే. యాభై ఏళ్లు తిరుగులేదని ఒట్టేసి మరీ బిగించాడు. ఎనిమిదేళ్లకి కంపెనీ దివాలా తీసింది, దాని పెద్ద కంప్యూటర్లు ఆగిపోయాయి, వీధి వీధంతా చీకట్లో కూర్చుంది. అందరూ తిట్టుకుంటూ మామూలు స్విచ్‌లు పెట్టించుకున్నారు. పాత ప్యానెళ్లు మాత్రం గోడలకే వదిలేశారు. పీకితే కన్నం, పూడిస్తే గోడంతా రంగు... ఎవరు పడతారా తలనొప్పి? ఆనాటి నుంచి అతని పేరు యాభై ఏళ్ల డ్వేన్.

కాఫీ పోస్తూ పోస్తూ మార్లిస్ అంతా కక్కేసింది. డ్వేన్ నవ్వలేదు. హీటరు చెడితే చూడమని బ్యాంకువాళ్లు ఇచ్చిన తాళంచెవి అతని దగ్గరే ఉంది. ఇప్పుడే చూసొస్తానని లేచాడు. ఫోన్లు చెవులకి పెట్టుకున్నారు. మార్లిస్ కిటికీ దగ్గర నిలబడింది.

"తలుపు తీశా," డ్వేన్ గుసగుస.

"గుసగుసలెందుకు?"

"నువ్వెందుకు గుసగుసలాడుతున్నావో అందుకే."

హాల్లో దీపం వెలుగుతోందన్నాడు. మనిషి జాడ లేదన్నాడు. అతని బూట్ల కింద చెక్క కిర్రుమంది... తర్వాత ఏమీ వినబడలేదు. బాగా కనబడాలని మార్లిస్ కిటికీ అద్దం మీదకి వంగింది. ఆసరా కోసం చెయ్యి గోడకి ఆనించింది —

ఏడో ఇల్లు చీకటైపోయింది.

ఫోన్లో ఒక కేక. "మార్లిస్... ఎవరో ఆర్పేశారు. తెరలు దిగుతున్నాయి... తలుపు ఎటుంది?"

ఆమె హడలిపోయి గోడని ఇంకా గట్టిగా పట్టుకుంది. అక్కడ దీపం వెలిగింది.

డ్వేన్ తేరుకుని అడిగాడు.

"ఇప్పుడు నువ్వేం చేశావ్?"

"నేనేం చేశాను? ఇక్కడే నిలబడ్డా. చెయ్యి గోడ మీద..."

మార్లిస్ తన చెయ్యి చూసుకుంది. దాని కింద చచ్చిపోయిన ప్యానెల్. ఒకప్పుడు పడుకునే ముందు దాన్ని ఒక్కసారి నొక్కితే ఇల్లంతా ఆరేది, మళ్లీ నొక్కితే వెలిగేది. ప్యానెల్ చచ్చినా ఆమె చెయ్యి అలవాటు మానలేదు. పడుకునేటప్పుడు నొక్కుతుంది, అర్ధరాత్రి లేచినా నొక్కుతుంది.

"నొక్కు," అన్నాడు డ్వేన్.

నొక్కింది. చీకటి. నొక్కింది. వెలుగు.

ఇక నవ్వు పట్టుకుంది ఆమెకి. ఎదురింటి తెరల్ని పైకీ కిందకీ ఆడిస్తూ పొట్ట పట్టుకుని నవ్వింది. మూడేళ్లుగా తనని భయపెట్టింది తానే. డ్వేన్ సిగ్గుపడుతూ అసలు సంగతి ఒప్పుకున్నాడు. ప్యానెళ్లకి ఇంటింటికీ వేరే గుర్తు నంబరు ఇవ్వాలంటే అరగంట పని. మర్నాడే థాంక్స్‌గివింగ్ పండగ, ఇంట్లో టర్కీ కోడి కాలుతోంది. ఏడిళ్లకీ ఒకటే నంబరు కొట్టేసి పోయాడు. ఏ నొక్కుడు ఏ ఇంటిదో కంపెనీ కంప్యూటరు వేరు చేసేది. అది పోయాక చేసే దిక్కు లేదు. ప్యానెల్ మాట విని దీపాల్నీ తెరల్నీ ఆడించే లోపలి పెట్టెల్ని అందరూ పీకించుకున్నారు. ఎల్మర్ పెట్టె ఒక్కటే మిగిలింది, పీకించడానికి ఎల్మర్ లేడు కనక.

"సరే, ఇక ఆటలు ఆపు. నన్ను బయటపడనీ."

"ఎప్పుడో ఆపా. రెండు చేతులూ జేబుల్లో ఉన్నాయి."

దీపం ఆరింది. వెలిగింది. ఆరింది...

"మార్లిస్."

"నేను కాదు."

ఏడిళ్లు... ఒకటే నంబరు. మార్లిస్ మొదటిసారి ఏడో ఇంటిని వదిలి వీధి పొడుగునా చూసింది. పక్కింటి కిటికీలో ఫిల్లిస్, రాత్రి గౌనులో, నోరు తెరుచుకుని ఏడో ఇంటివంకే చూస్తోంది. ఒక చెయ్యి గోడ మీద ఉంది. ఆ పక్కింట్లో బెర్గ్‌స్ట్రామ్ ముసలాయన. ఆయన చెయ్యీ గోడ మీదే. ఆ తర్వాత ప్రతి కిటికీలో ఒకరు, గోడ పట్టుకుని...

పొద్దున పదింటికి మార్లిస్ సంతకానికి పోలేదు. ఫిల్లిస్ తలుపు తట్టింది. తలుపు తీసిన ఫిల్లిస్ కళ్లు నిద్రలేక వాచిపోయాయి. ఆమె వెనక హాలంతా అట్టపెట్టెలు, సగం సామాను సర్దేసి ఉంది. ఎటు పోతున్నావని అడిగితే ఏడో ఇంటివంక దొంగచూపు చూసింది.

"ముందా పెట్టెలు విప్పు," అంది మార్లిస్ బూట్లు విడుస్తూ. "ఎందుకో తర్వాత చెబుతా."