చల్లగా ఉండు

అవ్వ పోయి నెలయింది. టాబియా ఊళ్ళో మా ఇంటి వసారాలో మధ్యాహ్నం భోజనాలయ్యాయి. ఎవరో చెరకు తగలబెట్టినట్టున్నారు, మసి వంటింట్లోకి కూడా వచ్చి పడుతోంది. చిన్నాన్న ముకేష్ యంగోనా గిన్నె ముందు, ఆ మత్తు వేరురసం తాగుతూ కూర్చుని నవ్వుతున్నాడు. నాకు ఒళ్ళు మండిపోతోంది.

ఎలా నవ్వొస్తుంది ఈయనకి?

చెరకు కత్తి తగిలి అవ్వ చేతి వెనక చర్మం ఊడిపోయింది. డాక్టరు ముంజేతి మీది చర్మాన్ని ఒక అంచు కోయకుండా ఉంచి, మూడు చుక్కల పచ్చబొట్టుతో సహా తిప్పి అక్కడ కుట్టాడు. బిళ్ళలు కూడా ఇచ్చాడు. "ఇది బీపీ మందే. రక్తనాళాలు తెరుచుకుంటే చర్మం బతకొచ్చు. వెచ్చగా ఉండాలి. చల్లబడితే వెంటనే పిలవండి" అన్నాడట. అప్పుడు నేను దూరంగా సువా పట్నంలో పరీక్షలు రాస్తున్నా. అవ్వ దగ్గరున్నది చిన్నాన్నే.

"అమ్మకి బీపీ నై హై" అని ఆ బిళ్ళలు తనే మింగాడు. బీపీ ఉన్నది ఆయనకి!

"చల్లగుంది రా..." అని అవ్వ గొణుగుతూనే ఉందట. ఈ దీవిలోనే పుట్టి పెరిగిన చిన్నాన్నకి హిందీయే, తెలుగు రాదు. దండం పెడితే అవ్వ నెత్తిన చెయ్యేసి "చల్లగా ఉండు" అనేది, ఆ ఒక్క మాటే తెలుసు. నర్సు అడిగితే "ఆశీర్వాదం ఇస్తోంది, బాగానే ఉంది" అన్నాడు. ఆ చర్మం నల్లబడిపోయింది. విషం ఒళ్ళంతా ఎక్కింది.

"ఆ కాసిని బిళ్ళలకే పోతారా ఎవరైనా?" అన్నాడు చిన్నాన్న గిన్నె ఎత్తుతూ.

"సిగ్గుంటే గోడ మీది అవ్వ ఫోటోకి దండం పెట్టు చిన్నాన్నా."

నవ్వుతూనే వంగాడు. "అమ్మా, నీ మనవరాలు డాక్టరైపోయింది చూడు!"

వంగినవాడు లేవలేదు.

మసి వాసన పోయింది. ఆస్పత్రి వాసన... దాని కింద చీము వాసన...

గాలి లేదు. చిన్నాన్న జుట్టు మాత్రం అణిగింది. ఐదు వేళ్ళు నొక్కినట్టు.

"చల్లగా ఉండు..."

అవ్వ గొంతే.

"కామినీ... పట్టి చూడవే..." చిన్నాన్న పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

చెయ్యి పట్టుకున్నా. ఐసు. చెంప నొక్కితే తెల్లబడింది. మళ్ళీ రంగు రాలేదు...

ఆయన నడినెత్తిన అరచెయ్యంత మేర జుట్టు లేదు. చుట్టూ నల్లదారం కుట్లు. లోపల ముడతలు పడ్డ చర్మం. మూడు పచ్చబొట్టు చుక్కలు.

వేలు పెట్టా.

అది మాత్రం వెచ్చగా ఉంది.