చెల్లెల్ని అడగలేదు

నాంపల్లి దవాఖానలో డాక్టరమ్మ చెప్పిన మాట విని ఇంటిల్లిపాదీ ఏడ్చారు, సంతోషం పట్టలేక! నర్మద ఒక్కతే తలెత్తలేదు.

ఆమె పేగులోంచి తీసిన గడ్డ క్యాన్సర్ కాదట... ఫంగస్ అట. మట్టిలో, కుళ్లిన ఆకుల్లో ఉండేదేనట. ఏ జబ్బూ లేనివాళ్లకు కూడా ఎప్పుడో అరుదుగా లోపలికి చేరి, అచ్చం క్యాన్సర్‌లాగే గడ్డ కడుతుందట. నెలల తరబడి మందులు వాడితే తగ్గిపోతుందంది డాక్టరమ్మ. ఆబిడ్స్‌లో కళ్లజోళ్ల దుకాణం నడిపే భర్త భూపాల్, నలుగురూ చూస్తున్నారన్న ధ్యాస కూడా లేకుండా వెక్కివెక్కి ఏడ్చాడు. చెల్లెలు సునంద అక్క పాదాలు పట్టుకుని కూర్చుండిపోయింది. ఆ చేతులు తగిలితే నర్మదకు ఒళ్లంతా కుంచించుకుపోయింది.

ఆపరేషన్‌కు ముందు, ఇక బతకననుకుని, ఆ చేతులనే తన కూతురు హైందవి తలమీద పెట్టించి ఒట్టు వేయించుకుంది... తను పోతే బావను పెళ్లి చేసుకోవాలని, బిడ్డకు పరాయి తల్లి రాకూడదని! అప్పటికే కాచిగూడలోని రత్నాకర్‌తో సునందకు పెళ్లి కుదిరి ఉంది. ఇద్దరూ ఇష్టపడిన సంబంధం. అయినా తల్లి పోయాక తనను పెంచిన అక్క మాట సునంద కాదనలేకపోయింది. రత్నాకర్‌కు ఫోన్ చేసి, ఈ పెళ్లి తనకు ఇష్టం లేదని చెప్పేసింది. అక్క పేరెత్తలేదు. నిందంతా తన నెత్తినే వేసుకుంది.

ఇంటికొచ్చాక నర్మద ఈ సంగతి భూపాల్‌కు చెప్పింది. అతను గంజి గిన్నె కింద పెట్టేశాడు.

"ఆ పిల్లను బిడ్డలెక్క చూసిన నర్మదా... ఇగ ఆమె మొకం ఎట్ల చూడాలె నేను?"

ఆ రోజు నుంచి సునంద గదిలోకి వస్తే అతను బయటికి వెళ్లిపోయేవాడు. సునంద మాత్రం అక్క తల దువ్వుతూ, మందులిస్తూ, ఏమీ జరగనట్టే తిరిగేది. ఎందుకు బతికానా అనిపించేది నర్మదకు. ఆ మాట పైకి అనడానికి కూడా సిగ్గే! అందరూ మొక్కుకుని బతికించుకున్న ప్రాణం కదా...

కుట్లు ఇంకా సలుపుతుండగానే, ఎవరికీ చెప్పకుండా ఆటో ఎక్కి కాచిగూడ వెళ్లింది. రత్నాకర్ తల్లి కూర్చోమనలేదు. నర్మద నిలబడే అంతా చెప్పుకుంది. తప్పంతా తనదేనని, చెల్లెలికి ఏ పాపమూ తెలియదని చేతులు జోడించింది. కొడుకు అన్నం ముందు కూర్చుని తినకుండా లేచిపోతున్నాడని ఆ తల్లి కన్నీళ్లు పెట్టుకుంది. లోపలినుంచి వచ్చిన రత్నాకర్ అంతా విని, నెమ్మదిగా అన్నాడు.

"మీరు చెప్తే గాదు వదినా. ఆమె రమ్మంటే వస్త."

ఆశగా ఇంటికొచ్చి ఆ మాట చెప్పింది నర్మద. బట్టలు మడతపెడుతున్న సునంద చేతులు ఆగిపోయాయి.

"బావకిచ్చేటప్పుడు నన్ను అడగలే. మళ్ల తెచ్చేటప్పుడన్న అడగొద్దా అక్కా?"

గొంతు పెంచలేదు సునంద. అందుకేనేమో ఆ మాట నర్మదకు కుట్లకంటే ఎక్కువ నొప్పి పెట్టింది. చేసిన తప్పు దిద్దుతున్నాననుకుని మళ్లీ అదే తప్పు చేసింది! నీ మంచికేనని సర్దిచెప్పబోయి నోరు మూసుకుంది. ఎప్పుడూ అడగని మాట అడిగింది.

"నీకేం గావాలె సునందా?"

"ఏమో అక్కా... ఎవ్వరడిగిన్రని, ఆలోచించెటందుకు?"

సునంద కళ్లు తుడుచుకుంది. తర్వాత ఫోన్ తీసుకుని బాల్కనీలోకి వెళ్లింది.

"హలో... నేనే," అన్న మాట నర్మద చెవిన పడింది. తర్వాతి మాట కోసం ప్రాణమంతా చెవుల్లోకి వచ్చింది. అయినా గోడ పట్టుకుని లేచి, వినబడనంత దూరంగా వంటింట్లోకి వెళ్లి కూర్చుంది.