మూడు సెకన్ల తెలుపు

స్కానర్ హెల్మెట్ తీసేసరికి కుముద చెవులు ఎర్రబడి ఉన్నాయి. విశాఖలోని ఆ ల్యాబ్‌లో నలభై నిమిషాలు కదలకుండా కూర్చుంది మరి. ఎదురుగా స్క్రీన్ మీద ‘కాంపోజిట్ మ్యాథ్స్ బ్యాచ్’ అన్న అక్షరాలు, ముప్ఫై ఎనిమిదేళ్ల తర్వాత, బుద్ధిగా వచ్చి నిలబడ్డాయి.

పదో తరగతి తప్పిన ఐదుగురు పిల్లల కామెడీ సీరియల్ అది. జారిపడటాలు లేవు, వెకిలి డైలాగులు లేవు. అందుకేనేమో ఎవరూ పట్టించుకోలేదు. ఇరవై ఆరు వారాలు వచ్చి ఆగిపోయింది. టేపులు దండగని ఛానల్ వాళ్లు వాటి మీదే వార్తలు రికార్డు చేసుకున్నారు. మంచి సరుక్కి మనవాళ్లు చేసే మర్యాద ఇదీ!

డాక్టర్ ఫణీంద్ర కనిపెట్టిన రీకాల్ స్కానర్‌కి టేపులతో పనిలేదు. చూసినవాళ్ల మెదడులో మిగిలిన బొమ్మనీ మాటనీ చదివి ఎపిసోడ్‌గా కూరుస్తుంది.

కుముద సీరియల్ మీద మోజుతో రాలేదు. తొమ్మిది నెలల క్రితం అక్క భార్గవి పోయింది. ఆ రోజు నుంచీ కుముదకి ఏడుపు లేదు, నవ్వు లేదు. తింటోంది, ఆఫీసుకి వెళ్తోంది, అంతే. అక్కకి ఎత్తుపళ్లు. ప్రతి ఫొటోలోనూ మూతి బిగించుకునే ఉంటుంది. నోరారా నవ్వింది ఈ సీరియల్ చూసినప్పుడే. ఇది మళ్లీ చూస్తే లోపల ఏదైనా కదులుతుందేమోనని ఆశ.

ఎపిసోడ్ మొదలైంది.

“మూడోసారి కూడా ఎలా తప్పావురా?” అన్నాడు ట్యూషన్ మాస్టారు. కుర్రాడు తల గోక్కుని నోరు తెరిచాడు. స్క్రీన్ తెల్లబడింది. మూడు సెకన్లు. మళ్లీ బొమ్మ వచ్చేసరికి మాస్టారు తల పట్టుకుని ఉన్నాడు.

ప్రతి జోకు దగ్గరా అంతే.

“ఇక్కడ బొమ్మ లేదేంటండీ?” అంది కుముద.

“అప్పుడు మీరు టీవీ చూడట్లేదు మేడం. ఎవరో అమ్మాయి ముఖం వస్తోంది. సీరియల్‌కి సంబంధం లేదు కదా, నాయిస్ అనుకుని సాఫ్ట్‌వేర్ తీసేసింది” అన్నాడు పక్కనే ఉన్న డాక్టర్.

అప్పట్లో కుముదకి తొమ్మిదేళ్లు. జోకులు అర్థమయ్యేవి కావు. ఎప్పుడు నవ్వాలో తెలియక, ఎడమపక్కన కూర్చున్న అక్క మొహం చూసేది. అక్క నవ్వితే తనూ నవ్వేది.

“ఆవిడ మా అక్కండీ. నాక్కావలసింది ఆ ముఖమే. ఎక్కడుంది?”

“తీసేసింది దాచమండీ, రూలు.”

“అయితే మళ్లీ స్కాన్ చెయ్యండి.”

డాక్టర్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. “స్కానర్ చదివిన జ్ఞాపకం కాసేపు మెత్తబడుతుంది మేడం. ఆలోగా ఏది చూస్తే అదే దాని మీద పడి గట్టిపడుతుంది. ఇప్పుడు చదివినా మీరు ఇవాళ చూసిందే వస్తుంది. ముందే చెప్పాల్సింది.”

కుముద కళ్లు మూసుకుంది. టీవీ గది వచ్చింది. చాప వచ్చింది. అక్క ఓణీ అంచు వచ్చింది. ముఖం దగ్గర తెలుపు.

ఏడుపు రావాలి. రాలేదు.

“జోకులు వేరే ప్రేక్షకుల దగ్గర దొరికాయి, అతికిస్తాం” అన్నాడు డాక్టర్.

“సరేనండీ” అంది.

వారం తర్వాత పూర్తి ఎపిసోడ్‌ని ల్యాబ్ హాల్లో వేశారు. కుర్రాడు తల గోక్కుని నోరు తెరిచాడు. “మీరు చెప్పినట్టే రాశాను మాస్టారూ!”

హాలంతా విరగబడి నవ్వింది. నవ్వాలో లేదో తెలియక కుముద ఎడమవైపుకి తిరిగింది. ఆ కుర్చీలో తన హ్యాండ్‌బ్యాగ్ ఉంది.