ఎర్తు వైరులో కరెంటు

అరకు బజారులో గొర్లె సన్యాసిరావు తెలియనివాళ్ళు లేరు. ఎవరింట్లో ఫ్యూజు పోయినా అతనికే ఫోను. వచ్చి, టెస్టరు చెవి మీద పెట్టుకుని, ముందు టీ తాగుతాడు. తర్వాత అంతకుముందు వైరింగు చేసినవాణ్ణి తిడతాడు. ఆపైన పని. అంతకుముందు చేసింది కూడా తనే అయిన ఇళ్ళలో టీ మాత్రం తాగి ఊరుకుంటాడు.

అతనికి రెండే నమ్మకాలు. తన మీటరు అబద్ధం చెప్పదు. తన బామ్మర్ది తరుణ్ చెప్పడు. తరుణ్ పదో తరగతి తప్పిన వారంలోనే తీసుకొచ్చి, స్క్రూడ్రైవరు పట్టుకోవడం నేర్పి, సత్యకుమారితో సంబంధం కుదిర్చి, రెండు వీధుల అవతల ఇల్లు చూసి పెట్టింది సన్యాసిరావే. సొంత పిల్లల్ని కూడా అంత ముద్దు చెయ్యలేదని అతని భార్య అంటుంది. ఆవిడ అనని మాటంటూ ఏదీ లేదనుకోండి.

బొర్రా రోడ్డు నుంచి పక్కకు తిరిగి కొండెక్కితే, ఒక గూడేనికి పైన, కాఫీ తోట అంచున బిందుమాధవి ట్రైలరు ఉంది. ఆవిడది విశాఖపట్నం. చక్రాల మీద ఒక గది కట్టించి, ట్రాక్టరుతో పైకి లాగించి, ప్రకృతి ఒడిలో పడుకోవాలనుకునేవాళ్ళకు ఇస్తోంది. ఆ ఒడిలో ఫ్రిజ్జు, ఫ్యాను, ఫోను చార్జింగు లేకపోతే వాళ్ళకు నిద్ర పట్టదు. కరెంటు స్తంభాలు అంత పైకి రాలేదు. అందుకని కప్పు మీద సోలారు పలకలు, మంచం కింద నాలుగు బ్యాటరీలు, గోడకు ఇన్వర్టరు. కార్తీకంలో ఆ పనంతా తరుణ్ ఒక్కడే చేశాడు. సన్యాసిరావు జ్వరంతో పడుకుని, ఎవరూ అడగని సలహాలు ఫోనులో ఇచ్చాడు.

నెల తిరక్కుండానే బిందుమాధవి నుంచి కంప్లయింటు వచ్చింది. పగలంతా బాగానే ఉంటుంది. సందె పడేసరికి దీపాలు మసకబారతాయి. అరగంటలో ఇన్వర్టరు కీచుమని అరిచి ఆగిపోతుంది.

"నువ్వే ఎల్లు బావా. నాకు పన్ను నొప్పి," అన్నాడు తరుణ్.

ఆ నొప్పి సోమవారం ఎడమ దవడలో ఉంది. బుధవారానికి కుడి దవడకు మారింది. సన్యాసిరావు అది చూశాడు. పోనీలే, కుర్రాడు అలిసిపోయాడు అనుకున్నాడు. సందెకు వచ్చే జబ్బును సందెకే చూడాలి గనుక, గురువారం మూడు దాటాక ఒక్కడే బండెక్కాడు.

అతను చేరేసరికి మంచు దిగుతోంది. కాఫీ పళ్ళు కోసే రోజులు. గూడెంలో ఒలిచి పోసిన తొక్కలు పులిసి, ఆ తియ్యటి కుళ్ళు వాసన తోటంతా పట్టి ఉంది. సిల్వరోకు చెట్ల మీద మిరియాల తీగలు మంచుకు తడిసి బొట్లుబొట్లుగా కారుతున్నాయి.

ట్రైలరు ఆ వేళ ఖాళీ. పలకలు తుడిచాడు. బ్యాటరీల మీద తీగ కొసల లగ్గులు బిగించాడు. ఇరవై ఐదున్నర వోల్టులు, నిండు చార్జి. ఫ్రిజ్జు తీగ పీకాడు. ఫ్యాను, దీపాలు, ఒక్కొక్క స్విచ్చూ కట్టేశాడు. తరుణ్ బిగించిన పని ఎక్కడ చూసినా ముచ్చటగా ఉంది. 'నా చెయ్యే వచ్చింది వీడికి' అని మురిసిపోయాడు కూడా.

ఐదున్నరైంది.

తోటలో కీచురాళ్ళు ఒక్కసారిగా ఆగిపోయాయి.

మీటరు చూస్తే ఇరవై ఐదు. చూస్తుండగానే ఇరవై నాలుగున్నర. ఏదీ వెయ్యలేదు, ఎవరూ వాడడం లేదు. అయినా ఎవరో తాగేస్తున్నారు. క్లాంపు మీటరుతో ఒక్కొక్క తీగే పట్టి చూశాడు. దేనిలోనూ ఏమీ లేదు. చివరికి ఆకుపచ్చది మిగిలింది. ఎర్తు వైరు. ట్రైలరు కింది నుంచి పోయి, నేలలో దిగిన ఇనప కడ్డీకి కలిసే తీగ. అందులో మామూలుగా సున్నా ఉండాలి.

ఆరు ఆంపులు చూపిస్తోంది.

తర్వాత నాలుగు. మళ్ళీ ఆరు. కాసేపు ఆగింది. మళ్ళీ ఆరు... పసిబిడ్డ పాలు తాగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ పట్టుకున్నట్టు.

సన్యాసిరావు బ్యాటరీ తీగలు రెండూ ఊడదీశాడు. ఇప్పుడు వ్యవస్థ మొత్తం చచ్చినట్టే.

ఆరు... నాలుగు... ఆరు...

మీటరు పాడైందనుకున్నాడు. ఇరవై ఏళ్ళలో అతను మీటరును తప్పు పట్టడం అదే మొదలు. టార్చి వేసుకుని, తీగ వెంబడి కిందికి దిగి, కడ్డీ దగ్గరికి నడిచాడు. చుట్టూ నేల పొడిబారి నెర్రెలిచ్చి ఉంది. కడ్డీ దింపిన చోట మాత్రం, మంచం అంత మేర, నల్లగా తడి. ఎర్తుకు తడి నేల మంచిది. తడి ఉన్న చోటే దింపమని ఫోనులో చెప్పింది తనేనని గుర్తొచ్చింది.

"అక్కడ అడుగెయ్యకు బాబూ."

ఉలిక్కిపడ్డాడు. గూడెం ముసలామె సోములమ్మ, తట్ట నెత్తిన పెట్టుకుని తోట గట్టు మీద నిలబడి ఉంది. తడినేల వైపు ఆమె చూడడం లేదు.

"ఏటి మామ్మా, ఏటుంది ఇక్కడ?"

"పేరు పెట్టకముందే పోయిన బిడ్డల్ని పెట్టే సోటు. రాయుండదు. పేరుండదు." ఆమె గొంతు తగ్గించింది. "ఈ కొండ మీద ఎక్కడ తవ్వినా తవ్వినోడు ఇంటిపేరుతో తన పేరు సెప్పాల. నానే తవ్వినాను, నానే పూడుస్తానని. పూడ్సినాక, నా పేరు నాకిచ్చీమని అడిగి ఎల్లిపోవాల. దుంపలకి తవ్వినా మాకదే."

"మావోడికి తెలీదు పాపం."

"తెలీకేటి? నానే సెప్పినాను. శుబ్బరంగా సెప్పినాడు. గొర్లె సన్యాసిరావునని."

సన్యాసిరావు నవ్వబోయాడు. మూతి కదల్లేదు.

"వాడు మజ్జి తరుణ్, మామ్మా. సన్యాసిరావు నేను."

సోములమ్మ మొదటిసారి అతని మొహంలోకి చూసింది. తట్ట దింపేసింది. "ఆణ్ణి పిలు. బేగి పిలు. ఇచ్చినోడే అడగాల. నెలయిపోనాది... ఇంక ఆ బిడ్డలు నీ పేరు దాసుకోవు, బట్టలాగ ఏసుకుంటాయి."

ఫోను రెండు రింగులకే ఎత్తాడు తరుణ్. "దొరికిందా బావా?"

"నా పేరెందుకు సెప్పినావురా?"

"ముసలాళ్ళ మాటలవి బావా. నువ్వు నమ్ముతావేటి?"

"నువ్వు నమ్మకపోతే నీ పేరే సెప్పుందువు కదరా."

"బావా..." తరుణ్ గొంతు చిన్నదైంది. "సత్యకి ఏడో నెల. నాకేటన్నా అయితే? నీ పిల్లలు పెద్దోళ్ళయిపోనారు కదా. నీకేటి."

నీకేటి. పదిహేనేళ్ళు ఒకే నిచ్చెన మీద, ఒకడు ఎక్కితే ఒకడు పట్టుకుని పని చేశారు. ఆ నిచ్చెన వాడు ఎప్పుడో వదిలేశాడని సన్యాసిరావుకు ఇప్పుడు తెలిసింది.

"ఇప్పుడే రా. వచ్చి అడుగు."

"రేపు పొద్దున్నొస్తాను," అన్నాడు తరుణ్. ఫోను ఆగిపోయింది. మళ్ళీ చేస్తే స్విచాఫ్.

సన్యాసిరావు తడిలోకి దిగి కడ్డీ పట్టుకున్నాడు. ఇంత చలిలోనూ అది ఒంటి వేడిగా ఉంది. బలమంతా పెట్టి లాగాడు. అవతలి నుంచి, మెల్లగా, ఎవరో తమ వైపు లాక్కున్నారు.

"నా పేరు నాకిచ్చీ," అన్నాడు. ఏడుపు గొంతుతో అన్నాడు. "గొర్లె సన్యాసిరావు. నాది. నాకిచ్చీ."

ట్రైలరులో దీపం వెలిగింది.

బ్యాటరీ తీగలు ఊడి ఉన్నాయి. అయినా వెలిగింది. కిటికీ అద్దం వెనక ఎవరో... మాటలు నేర్చుకుంటున్నట్టు...

"స... న్యా..."

ఆగింది.

"సన్యా... సి..."

మూడోసారి పూర్తిగా పలికింది. ఇంటిపేరుతో సహా. అచ్చం సన్యాసిరావు గొంతు. జ్వరం తర్వాత మిగిలిన ఆ చిన్న బొంగురుతో సహా.

"పలక్కు," సోములమ్మ గుసగుసగా అంది. "ఎల్లిపో. ఎనక్కి సూడకు."

సామాన్లు అక్కడే వదిలేసి, బండి మీద కొండ దిగాడు. భయం సగం దారిలోనే కోపమైంది. వాణ్ణి కాలరు పట్టుకుని, ఏడుస్తున్నా సరే, పైకి లాక్కెళ్ళాలి. ఆ తడిలో మోకాళ్ళ మీద కూర్చోబెట్టి అడిగించాలి. పేరు దక్కితే చాలు. తర్వాత జన్మలో వాడి మొహం చూడడు.

ఏడుంపావుకు తరుణ్ ఇంటి తలుపు దబదబా బాదాడు.

సత్యకుమారి ఒక చెయ్యి పొట్ట మీద పెట్టుకుని తలుపు తీసింది. వాకిలి దీపం సూటిగా అతని మొహం మీద పడుతోంది.

"వాడేడమ్మా?"

"లేరండీ. ఇప్పుడే మా సన్యాసిరావన్నయ్య వచ్చి తీసుకెళ్ళారు. ఎక్కడో ఏదో పూడ్చాలట. ఆయన రానంటే చెయ్యి పట్టుకుని మరీ నడిపించుకుపోయారు." ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. "ఇంతకీ ఎవరు మీరు?"

"నేనమ్మా. నేనే... సన్యాసిరావుని."

ఆమె మొహంలో నవ్వు లేదు. రోజూ అన్నయ్యా అని పిలిచే మనిషి, ఎన్నడూ చూడనివాణ్ణి చూసినట్టు చూసి, ఒకడుగు వెనక్కి వేసింది. తలుపు మూసుకుంది. గడియ పడింది.

సన్యాసిరావు అరుగు మీద కూలబడ్డాడు. పక్కన ఒక టీ గ్లాసు ఉంది. ఇంటికి పెద్దమనిషి వస్తే ఇచ్చే పెద్ద గాజు గ్లాసు. ఇంకా వెచ్చగా ఉంది. టీ తాగేశారు. అడుగున మీగడ ఎండుతోంది.

గ్లాసు చుట్టూ తడి ఎర్రమట్టితో వేళ్ళ ముద్రలు. లెక్కపెట్టాడు. ఒక చేతివి కావు. చాలా చేతులవి. ఒక్కొక్కటీ చిక్కుడు గింజంత.